తప్పు నాదే

“ఆ పలక మేము వేసింది కాదమ్మా. పోయిన తూరి వాళ్ల గవర్నమెంటులో వేసింది. పోయి వాళ్లనే అడుగు.”

అధికార పార్టీ ఆఫీసులో ఆ జవాబు విని సెంగమలం ఎదుటి పార్టీ ఆఫీసుకు నడిచింది. అక్కడ కూర్చోబెట్టి టీ అయితే ఇచ్చారు.

“ఇప్పుడు కుర్చీలో ఉండేది వాళ్లు. మమ్మల్ని అడిగితే ఏంది లాభం?”

మునిసిపల్ ఎన్నికలు ముగిశాక ఒర్లియంపేటలో అద్దెకు దిగిన కుటుంబం సెంగమలం వాళ్లది. వీధి మలుపులో కాలువ మీది సిమెంటు పలక విరిగి, అందులో పడి అత్త కాలు విరిగింది. నిన్న బడికి పోయే పిల్ల ఒకతె కొద్దిలో తప్పించుకుంది.

“నరేంద్రన్‌తో చెప్పు. వీధిలో ఏం జరిగినా ఆయన దగ్గరికే పోతాం” అంది పక్కింటి లోగనాయకి.

కబురందగానే నరేంద్రన్ సైకిలేసుకుని వచ్చాడు. లుంగీ ఎగగట్టి కాలువలోకి వంగి చూశాడు. తరవాత లోపలికొచ్చి అత్త మంచం పక్కన నిలబడ్డాడు.

“తప్పు నాదే పెద్దమ్మా. దినామూ ఈ దోవనే పోతా. నేను చూసుండాల్సింది.”

సెంగమలం రెండు ఆఫీసులు తిరిగినా ఎవరి నోటా రాని మాట అది.

పేపర్లో వార్త పడగానే రెండు పార్టీలవాళ్లూ జెండాలతో దిగారు. విరిగిన పలకకు అటొకరు ఇటొకరు నిలబడి, నువ్వంటే నువ్వని గొంతులు చించుకున్నారు. నరేంద్రన్ మధ్యలోకి వచ్చాడు.

“మీ ఇద్దరి తప్పూ లేదన్నా. తప్పంతా నాది. పేపరువాళ్లకు అట్లే చెప్తా. మీరు ఇంజనీరుకు ఒక ఫోన్ చేయండి, చాలు.”

కేకలు ఆగిపోయాయి. నింద మోసేవాడు దొరికాక ఇక దేనికోసం కొట్లాట? ఇద్దరూ పోటీపడి ఫోన్లు చేశారు. వారం తిరక్కుండా కొత్త పలక పడింది. సిమెంటు గట్టిపడేదాకా ఎవరూ తొక్కకుండా నరేంద్రనే స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

అత్తకు గంజి తాగిస్తూ సెంగమలం లోగనాయకి దగ్గర నరేంద్రన్ మాటే ఎత్తింది.

“ఎన్ని ఊర్లలో అద్దెకున్నామో అక్కా, ఇట్లాంటి కౌన్సిలర్ని యాడా చూడలా. వచ్చే ఎలక్షన్లో మా ఇంటి ఓట్లన్నీ ఆయనకే. మళ్లీ గెలవాల.”

లోగనాయకి ఆమెను వింతగా చూసింది.

“మళ్లీనా? పోయిన ఎలక్షన్లో ఆయన ఓడిపోయినాడే!”