తాడుకు తాడే కత్తి

“నాకు భయమైతుంది బిడ్డా. గా తాడు తెగుతది,” అంది, కొడుక్కి సద్ది తెచ్చిన అండాలమ్మ.

చెట్టెక్కబోతున్న జగన్ నవ్వాడు. “ఆటో ఎక్కితే బోల్తా పడ్తదంటవ్, లిఫ్టు ఎక్కితే ఆగిపోతదంటవ్. ఇది కొత్త నైలాన్ తాడే అమ్మా!”

ఎల్బీనగర్ కాలనీలో కొమ్మలు నరికే పని అది. జగన్ నడుముకు కట్టుకున్న తాడూ, నరికిన కొమ్మల్ని దించే తాడూ చెట్టు మీద ఒకే పంగలోంచి వేలాడుతున్నాయి.

“రెండు టన్నులు మోస్తుందమ్మా. నువ్వు పక్కకి జరుగు,” అన్నాడు కాలనీ కార్యదర్శి ప్రసన్నకుమార్.

అండాలమ్మ జరగలేదు. కింద మిగిలిన అదే నైలాన్ తాడు ముక్కను గేటు ఊచల మధ్య బిగించి కట్టింది. దాని మీద ఇంకో ముక్క వేసి, రెండు కొసలూ పట్టుకుని రంపంలా చరచరా లాగింది. బాటసింగారం పండ్ల మార్కెట్లో చాకు దొరకనప్పుడు పెట్టెల తాళ్లు ఆమె తెంపేది అలాగే. కమురు వాసన వచ్చింది. బిగించిన తాడు పుటుక్కున తెగింది.

“మోస్తది సార్, కాదనను. కానీ రాపిడికి కరుగుతది. కొమ్మ దిగేటప్పుడు గా దించే తాడు నా కొడుకు తాడు మీదికెళ్లే ఉరుకుతది.”

ప్రసన్నకుమార్ ముఖం మాడ్చుకున్నాడు. “ఇలా అయితే పని అయినట్టే. భయమైతే చెప్పు జగన్, ఇంకొకణ్ణి పిలుస్తాను.”

జగన్ కరిగి ముద్దకట్టిన తాడు కొసను ముట్టుకుని, చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత నడుముకున్న తాడు విప్పి తల్లి చేతికిచ్చాడు.

“పిలువుండ్రి సార్. వచ్చేటోనికి గూడ మా అమ్మ తెంపి సూపిస్తది.”