ఏటిగట్టు మేడ

ఊళ్లో ఇళ్లు అమ్మిపెట్టే బ్రోకరుని అందరూ చక్కెర బాబాయ్ అంటారు. మాట అంత తీపి. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఏటిగట్టు పక్కనున్న మేడ ఇల్లు ఏళ్ల తరబడి అమ్ముడుపోలేదు. సరిగ్గా బేరం కుదిరే వేళకి వరద సంగతి తనే కక్కేసేవాడు.

ఇవాళైనా నోటికి తాళం వేసుకోమని పొద్దున్నే భార్య మరీ మరీ చెప్పి పంపింది.

ఇల్లు చూడ్డానికి వచ్చింది కడుపుతో ఉన్న పిల్ల. మొగుడికి సెలవు దొరకలేదట, ఒక్కతే బస్సు దిగింది. ఆటోలో వెనక సందుల్లోంచి తీసుకెళ్లిపోదామని బాబాయ్ ఎత్తు వేశాడు. ఆమె వినలేదు. గట్టు మీంచే నడుద్దామంది.

ఆ దారంతా వరద గుర్తులే.

గ్రంథాలయం గోడ మీద, తలకంటే ఎత్తున, నీలం గీత చూసి అదేమిటని అడిగింది. సగంలో రంగు అయిపోయిందన్నాడు. బేకరీ డాబా మీద పడవ ఎందుకుందంది. కింద పెడితే పిల్లలు ఎక్కి తొక్కేస్తున్నారన్నాడు. ఇంటింటికీ బయట ఇనప నిచ్చెనలేమిటంది. ఈ ఊరివాళ్లకి చుక్కలు చూడ్డం సరదా అన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఒక్కటీ అతకలేదని బాబాయ్‌కే తెలుస్తోంది. ఆమె మాత్రం నవ్వుతూ తలూపుతోంది.

సెలూన్ గుమ్మంలో కత్తెర పట్టుకుని నిలబడ్డాయన, "ఆ ఇల్లేనా చూపించేది? ఆ యేడు నీళ్లు..." అని మొదలెట్టాడు. సాయంత్రం గడ్డానికి వస్తాలే అని మాట తుంచేసి బాబాయ్ అడుగు పెంచాడు.

ఇల్లు చేరాక వంటిల్లు చూస్తుందనుకుంటే, ఆమె నేరుగా మేడమెట్లు ఎక్కింది. నాలుగడుగులకోసారి ఆగి, ఆయాసపడుతూ. పైన నీళ్ల ట్యాంకు నీడలో పిట్టగోడకి చెయ్యానించి, ఏటివైపు చూస్తూ ఉండిపోయింది. రెండో చెయ్యి కడుపు మీద.

బాబాయ్‌కి తన కూతురు గుర్తొచ్చింది. రేపెప్పుడైనా ఏరు పొంగితే ఈ పిల్ల పసిగుడ్డునెత్తుకుని ఈ మెట్లెలా ఎక్కుతుంది? ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఈ ఇల్లు నీకొద్దు. ఒకసారి రాత్రికి రాత్రే ఊరంతా మునిగింది. అప్పటికి నేనింకా ఈ ఊరి అల్లుణ్ణి కాలేదు, విన్నమాటే. నీళ్లు ఆ పై మెట్టుదాకా వచ్చాయట. వీధి వీధంతా ఈ డాబా మీదే తడుస్తూ కూర్చుందట. దారి పొడుగునా నేను చెప్పినవన్నీ అబద్ధాలే తల్లీ."

చెప్పేశాక మనసు తేలికైంది. ఇంట్లో పడబోయే చీవాట్లు తల్చుకుంటూ, పోదాం పదమన్నట్టు మెట్లవైపు తిరిగాడు.

ఆమె కదల్లేదు. ట్యాంకు పక్కన ఖాళీగా ఉన్న మూలని కళ్లతోనే తడుముతోంది.

"తెలుసు బాబాయ్, ఆ రాత్రి మా అమ్మ నన్ను కన్నది ఈ మూలనే."