ఇంకు ఎటు పోయింది

రాణి పెరట్లో కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. చెయ్యి పనిలో ఉంది గాని, చెవి మాత్రం గదిలోనే ఉంది.

గదిలో మొగుడు కామేశ్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎదురుగా ప్రింటరు మీద రెండు ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి. పొద్దుటి నుంచి అది కదలనంటోంది.

"వేస్టు ఇంకు కౌంటరు నిండిపోయిందా? కొని ఎనిమిది నెలలే కదండీ... మూడేళ్ళు రావాలా? అంత వాడకం మా ఇంట్లో ఎక్కడిదండీ? సరే, సాయంత్రం రండి."

ఫోను పెట్టేసి పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇన్నావు కదా. మూడేళ్ళ వాడకం ఎనిమిది నెలల్లో అయిపోనాదంట. నాను ఇంట్లో లేనపుడు దాన్లో ఏటి తీత్తన్నావు?"

"నాను దాని మొకం కూడా సూడనేదు బావా."

కామేశ్ రోజూ ఏడింటి బస్సుకి అక్కుపల్లి నుంచి పలాస వెళ్తాడు. అక్కడొక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పని. పరీక్షల ముందు ప్రశ్నపత్రాలు టైపు చేసేది అతనే. స్కూల్లో తీస్తే నలుగురి కంటా పడతాయని హెడ్మాస్టరు వాటిని ఇంటి దగ్గరే ప్రింటు తీయమన్నాడు.

రాణి చెల్లెలు స్వాతి అదే స్కూల్లో పదో తరగతి. పోయినేడు లెక్కల్లో ముప్పై ఆరు. మొన్న అర్ధ సంవత్సర పరీక్షల్లో తొంభై ఎనిమిది.

మార్కులు తెలిసిన రోజు కామేశ్ మరదలికి స్వీట్లు కొనిపెట్టాడు. ఆ మర్నాటి నుంచి ఇంకు మీద కన్నేశాడు. పోసిన రంగు పోసినట్టే దిగిపోతోంది.

"స్వాతికి పేపర్లు అందినాయని రేపు హెడ్మాస్టరికి నానే సెప్పేత్తాను," అన్నాడు. "ఆయనకే తెలిత్తే నా ఉద్దోగం ఊడిపోద్ది."

"సెప్తే స్వాతినేటి సేత్తారు?"

"టీసీ సేతిలో ఎడతారు. పబ్లిక్ పరీచ్చ రెండు నెల్లుంది. ఇప్పుడు ఎవులు సేర్సుకుంటారు?"

గిల్లుతున్న వేళ్ళు ఆగిపోయాయి. రాణిని ఏడో తరగతితో మాన్పించారు. పుట్టింట్లో పదో తరగతి గుమ్మం దాకా వచ్చింది స్వాతి ఒక్కతే.

"కాగితాలు సూడు బావా. నువ్వు తీసినయి పోను కట్టలో ఒక్కటీ తగ్గనేదు."

"కాగితం బజార్లో దొరకదేటి?"

రాణి పెరటి అరుగు వైపు చూసింది. మామ దాలయ్య పడవ మీద చేపల వేట మానేసి రెండేళ్ళయింది. ఇంటిపట్టునే ఉంటున్నాడు.

"మావా, పొద్దల్లా ఇంట్లో ఉన్నది నువ్వే. నువ్వు సెప్పు."

దాలయ్య నోట్లోంచి చుట్ట తీశాడు. "నానున్నంతసేపూ దాన్లోంచి ఒక్క కాగితం రానేదు. అది మాత్రం ఒట్టు. నాను ఒడ్డుకెల్లినపుడు ఏటయిందో, నానెలా సెప్పగలనమ్మా?"

సగం సాక్ష్యం. అసలు లేకపోయినా బాగుండేది అనిపించింది రాణికి.

నెల రోజులుగా ఆయన మంచం ఆ గది గుమ్మానికి అడ్డంగానే ఉంటోంది. వెయ్యమన్నది కొడుకే. రాణి తుడవడానికి తడిగుడ్డ పట్టుకుని వెళ్ళినా, "తడి తగలనీకమ్మా, పాడైపోద్ది" అంటూ మామ వెనకే వస్తున్నాడు.

ఇంత కాపలా ఉన్నా ఇంకు దిగుతోందంటే, తీస్తున్నది ఎవరూ అడ్డుపెట్టని మనిషే అయ్యుండాలి. ప్రశ్నపత్రాలు దొరికితే ఎగిరి గంతేసేవాళ్ళు పలాసలో లేరా? తన మీదికి వచ్చేదాన్ని కామేశే స్వాతి మీదికి తోస్తున్నాడా?

"నీ సేతిలో ఆ కొత్త ఫోను ఎక్కడిది బావా?" మెల్లగా అడిగింది.

"వాయిదాల్లో తీసుకున్నాను." ముందే అనుకుని పెట్టుకున్నట్టు జవాబు వచ్చేసింది.

రాణి మళ్ళీ నెత్తళ్ళ మీదికి వంగింది.

సాయంత్రం మెకానిక్ రమణమూర్తి పలాస నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. కంప్యూటర్లో ఒక సీడీ పెట్టి ఏవో నొక్కాడు. తెర మీద అంకెలు వచ్చాయి. కామేశ్ అతని కుర్చీ వెనక నిలబడ్డాడు. రాణి గుమ్మంలో, మామ కూర్చున్న మంచం పక్కన నిలబడింది. ఆమె చూపు తెర మీద లేదు, మొగుడి మొహం మీద ఉంది.

"మొత్తం ఎన్ని పేజీలు తీశారండీ?" కామేశ్ అడిగాడు.

"మూడు వందల పన్నెండు."

కామేశ్ మనసులో లెక్కేసుకున్నాడు. అతను తీసినవే ఇంచుమించు అన్ని ఉంటాయి.

"మరి మూడేళ్ళ వాడకం అన్నారు?"

"పేజీల వల్ల కాదు మాస్టారూ. క్లీనింగు వల్ల. ఈ బొత్తాం మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ప్రింటరు తన ముక్కు తానే కడుక్కుంటుంది. కడిగిన ఇంకంతా అడుగునున్న స్పాంజిలోకి పోతుంది. కాగితం మీద చుక్క కూడా పడదు. నెలకోసారి చేస్తే చాలు. మీ ఇంట్లో ఆదివారాలు కూడా మానకుండా చేసినట్టున్నారు. రెండు వందల ముప్పై ఒక్కసార్లు!"

తడిసి ముద్దయిన స్పాంజి తీసి కొత్తది పెట్టాడు. ఇంకేదో నొక్కాడు. కౌంటరు సున్నాకి వచ్చింది. ఎర్ర దీపాలు ఆరిపోయాయి.

"ఇంతకీ రోజూ ఈ బొత్తాం నొక్కేదెవరండీ?"

కామేశ్ రాణి వైపు చూశాడు. రాణి కామేశ్ వైపు చూసింది.

వేట నిషేధం రోజుల్లో బిగుసుకుపోకుండా పడవ ఇంజనుని రోజూ పొద్దున్నే ఒకసారి తిప్పినట్టే, కొడుకు మిషనునీ ఎనిమిది నెలలుగా ఆ బొత్తాం నొక్కి రోజూ ఒకసారి తిప్పుతూ వచ్చిన దాలయ్య, మంచం మీంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.