పిట్టల బాణం

"ఇంకొక్క ఓవరే తాతా, అయిపోయింది!" అన్నాడు గణేష్.

పొద్దుటి నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ఆ క్రికెట్ పోటీలు పెట్టించినవాడు అతనే. పాల్వంచ జట్టుకూ సారపాక జట్టుకూ ఫైనల్. క్రికెట్ అనేసరికి ఆ రెండు ఊళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అందుకని రెండింటికీ దూరంగా, జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న ఈ ఊరి గ్రౌండు తీసుకున్నారు. చుట్టూ ఐదొందల మంది జనం, మైకు, డప్పులు.

సాహిత్య విల్లు భుజాన వేసుకుని, బౌండరీ గీత అవతల తాత పగిడయ్య పక్కన నిలబడి ఉంది. చూపంతా బాబూరావు సార్ చేతి గడియారం మీదే. ఆయన జిల్లా విలువిద్య జట్టుకు పిల్లల్ని ఎంపిక చేయడానికి వచ్చాడు. యాభై మీటర్ల నుంచి ముప్పై ఆరు బాణాలు వేయించి పాయింట్లు రాసుకోవాలి, నాలుగింటికల్లా ఇంకో ఊరికి బయలుదేరాలి, సాయంత్రానికి పేర్లు పంపేయాలి. వచ్చే ఏడాదికి సాహిత్యకు వయసు దాటిపోతుంది.

"మూడైంది బిడ్డా. గ్రౌండు ఖాళీ కాంది నేనేం జేయను?" అన్నాడు సార్ నొచ్చుకుంటూ.

"అన్నా, ఇయ్యాల గ్రౌండు మాకని సర్పంచ్ సారే చెప్పిండు గదా!" అంది సాహిత్య.

"అవ్, చెప్పిండు. కాదంటలేను" అన్నాడు గణేష్. "కానీ మీ ఆట ఎవరు జూస్తరు చెల్లె? గీడ ఐదొందల మంది ఉన్నరు. నీ దిక్కు ఐదుగురున్నరా?"

లెక్కపెడితే ముగ్గురే ఉన్నారు, సాహిత్యతో కలిపి. ఆమెకు మనసు చివుక్కుమంది. రెండేళ్లుగా తెల్లవారుజామునే లేచి సాధన చేసింది ఈ మాట పడడానికా? పగిడయ్య మాత్రం తలపాగా సర్దుకుని, బాణాల సంచి భుజం మీదికి ఎగదోసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సారపాక కుర్రాడొకడు బలంగా బాదాడు. మైకు "సిక్సర్!" అని గొంతు చించుకుంది. బంతి పోయి పోయి గ్రౌండు మూలనున్న తాటిచెట్టు మట్టల మధ్య ఇరుక్కుంది. ఇంకా నాలుగు బంతులు, ఆరు పరుగులు. తెచ్చిన మూడు టెన్నిస్ బంతుల్లో రెండు పొద్దున్నే పొదల పాలయ్యాయి. మిగిలింది ఇదొక్కటే. చెట్టెక్కే మనిషి ఊళ్లో లేడు. రాళ్లు విసిరారు, చెప్పులు విసిరారు. బంతి ఇంతెత్తున ఎర్రగా కనపడుతూనే ఉంది కానీ కిందికి రానంటోంది.

గణేష్ పరుగున వచ్చాడు. "చెల్లె, నీ బాణంతోటి జర దాన్ని పడగొట్టవా?"

"పడగొడితే గ్రౌండు ఇస్తవా?"

"మ్యాచ్ అయినంక, కప్పు ఇచ్చినంక. ఎమ్మటే ఇస్తం!"

కప్పు ఇవ్వడమంటే శాలువాలు, ఉపన్యాసాలు, ఫొటోలు. అయ్యేసరికి ఆరు దాటుతుంది. ఆ సంగతి సాహిత్యకూ తెలుసు. అయినా కొట్టనని మొండికేయడానికి మనసొప్పలేదు. ఆట మధ్యలో ఆగిపోతే ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా?

"తాతా, పిట్టల బాణం ఇయ్యి" అంది.

పిట్టల బాణానికి ఇనుప మొన ఉండదు, కొసన చెక్క బుడిపె ఉంటుంది. పిట్ట ఒంటికి చిల్లు పడకుండా కిందికి రాల్చడానికి వెనకటి పెద్దలు చేసుకున్న బాణం అది. బంతికి అదే సరైనది. ఎక్కడికి పోయినా పగిడయ్య సంచిలో అలాంటిది ఒకటి ఉంటుంది.

తాత సంచిలో చెయ్యి పెట్టి అటూ ఇటూ కెలికాడు. "ఇంటికాడ మర్సిన బిడ్డా. ముసలి బుర్ర! మొనదే ఎయ్యి."

"చిల్లు పడితేనో?"

"ఏం గాదు. పక్కకు తగిలేటట్టు కొట్టు."

సాహిత్య చెట్టు కింద నిలబడి విల్లు ఎత్తింది. డప్పులు ఆగిపోయాయి. ఐదొందల మంది ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఇంతమంది తన విల్లు వైపు చూడడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఒళ్లు ఝల్లుమంది. బాణం వదిలింది.

బంతి కిందపడింది, బాణంతో సహా. మొన ఈ వైపు దిగి ఆ వైపు తేలింది.

మొదట ఈలలు, వెంటనే "అయ్యయ్యో!" అని ఒక్క గొంతుతో అరుపు. గణేష్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"తప్పయింది అన్నా" అంది సాహిత్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. గురి తప్పనందుకు సిగ్గుపడాల్సి రావడం ఆమెకు ఎప్పుడూ జరగలేదు.

"జూలూరుపాడు పోయి కొత్త బంతి తేవాలె. పోను రాను గంట" అన్నాడు గణేష్ నీరసంగా. ఇద్దరు కుర్రాళ్లు బైకు తీశారు. ఆటగాళ్లు నీడకు చేరారు, జనం బజ్జీల బండి చుట్టూ మూగారు.

బాబూరావు సార్ ఖాళీ గ్రౌండు వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు. "గంటనా? నాకు ముప్పావు గంట చాలు. జల్దీ టార్గెట్ పెట్టుర్రి!"

మొదటి బాణానికి చూసేవాళ్లు ఎవరూ లేరు. ఇరవయ్యో బాణం తర్వాత సాహిత్య తల తిప్పి చూస్తే టీ గ్లాసులతో ఓ నలభై మంది నిలబడి ఉన్నారు. ముందు వరసలో గణేషే. ముప్పై ఆరో బాణం నడిమి పసుపు రంగులో దిగింది. సార్ కాగితం మీద పేరు రాసుకుని, "ఇగ రాష్ట్ర పోటీలకు తయారుగుండు బిడ్డా" అన్నాడు.

పాపం, వాళ్ల బంతి పాడుచేశానే అన్న బాధ మాత్రం సాహిత్యను వదల్లేదు. ఆ బాధా, ఈ సంతోషమూ రెండూ తాతకే చెప్పుకోవాలని తాటిచెట్టు దగ్గరికి ఉరికింది.

పగిడయ్య మొదలుకు ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, ఇంటి దగ్గర మరిచిపోయిన పిట్టల బాణంతో నిదానంగా వీపు గోక్కుంటున్నాడు.