బుధవారం బ్యాచ్

“ఏమండీ, ఆ కిటికీ దగ్గర నిలబడ్డావిడ కాళ్ళకి చెప్పుల్లేవటగా?” అంది భార్య, టీ కప్పు అతని చేతికందిస్తూ.

అతనికి పొలమారింది.

కిటికీ దగ్గరావిడ అంటే మ్యూజియం రెండో అంతస్తులో, మెట్లెక్కగానే గోడ మీద ఎదురయ్యే పెద్ద రంగుల బొమ్మ. ఆ బొమ్మ గురించి అతను పాతికేళ్ళుగా మాట్లాడుతున్నాడు. బస్సు డ్రైవర్లకి చెప్పాడు, నర్సులకి చెప్పాడు, జైలు నుంచి వ్యానులో తీసుకొచ్చిన ఖైదీలకి కూడా చెప్పాడు. జనాన్ని మ్యూజియంకి రప్పించడమే అతని ఉద్యోగం. ఊళ్ళో ఏ గోడ మీద చూసినా అతను రాయించిన “రండి, చూడండి!” పోస్టరే. మైకు చేతికొస్తే వదలడని స్టాఫంతా అతన్ని మైకు సారు అంటారు.

అంతటి మైకు సారు ఏనాడూ ఆ చెప్పుల సంగతి చెప్పలేదు. చెప్పకపోవడమేంటి, అసలు గమనించనే లేదు.

“ఎవరన్నారు?”

“ఎవరో అనుకుంటుంటే విన్నాలెండి,” అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంకా తలుపులు తీయకముందే వెళ్ళి బొమ్మ ముందు నిలబడ్డాడు. నిజమే. ఒట్టి పాదాలు.

“ఈ చెప్పుల సంగతి ఎవరు కనిపెట్టారోయ్?” అని గార్డునడిగాడు.

“ఇంకెవరు సార్, మన గుసగుస గారే. బుధవారం బ్యాచ్‌కి భలే చెప్తారు. నేనూ నిలబడి వింటుంటా.”

మైకు సారుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

గుసగుస అంటే ఆర్నెల్ల కిందట చేరిన గైడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గొంతు పెంచడు. రహస్యం చెప్తున్నట్టు మాట్లాడతాడు. బుధవారం పొద్దున్నే, టికెట్ కౌంటర్ తెరవకముందు, పన్నెండు మందిని వెంటేసుకుని తిప్పుతాడు. గంటకి మూడు బొమ్మలు, అంతే. మైకు సారైతే గంటలో మూడొందల మందికి ముప్ఫై బొమ్మలు చూపించి పారేస్తాడు. అయినా మొన్న మీటింగులో డైరెక్టరమ్మ ఆ పన్నెండు మంది గురించే మాట్లాడింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? ఆ రోజు నుంచీ మైకు సారు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూనే ఉన్నాడు.

అసలు నిప్పు మాత్రం ఆ బుధవారం పడింది.

అక్కయ్యింటికి వెళ్తున్నానంది భార్య. “ఏది వేసుకోనండీ?” అని రోజూ అతన్నడిగి గానీ బీరువా మూయని మనిషి, ఆ పొద్దున అడగలేదు. అతనికి అనుమానం రాలేదు. రెండో అంతస్తులో స్తంభం చాటున చేరి, గుసగుస ఏం చెప్తాడో విందామని చెవులు రిక్కించాడు.

బ్యాచ్ మెట్లెక్కి వచ్చింది. అందరికంటే ముందు గుసగుస. అతని మోచెయ్యి పట్టుకుని తన భార్య.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె మొహం అంత వెలిగిపోవడం అతను చూడలేదు. గుసగుస ఆమె వైపు వంగి ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. చిన్నపిల్లలా నవ్వింది. మిగతా పదకొండు మందీ అతని కంటికి ఆననే లేదు.

ఉండబట్టలేక స్తంభం చాటు నుంచి బయటికొచ్చాడు. ఒక్కడుగు వేసి అక్కడే ఆగిపోయాడు. గుసగుస అతన్ని చూసి, చెప్తున్న మాట ఆపకుండానే తల పంకించాడు. ఆమె మాత్రం నాలుగడుగుల దూరంలోంచి అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది. వీధి మలుపులో అతని బూటు చప్పుడుకే టీకి నీళ్ళు పెట్టే మనిషి! నిలువెత్తు మొగుడు ఎదురుగా ఉంటే, గోడకిచ్చే విలువైనా ఇవ్వలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అతను రచ్చే గెలిచాడు.

గదిలో బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. బుధవారం బ్యాచ్ వచ్చే ఏడాదికి ఉండాలా, వద్దా? చెప్పాల్సింది అతనే. ‘పన్నెండు మందికి ఒక గైడు దండగ. ఆపేయవచ్చు,’ అని రాశాడు. సంతకం ఇంటికెళ్ళి ఆమె ముందే పెడదామని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మీ అక్కయ్య బావుందా?” అన్నాడు సాయంత్రం, బూట్లైనా విప్పకుండా.

ఆమె చేతిలో కప్పు ఆగింది.

“పొద్దున నేనక్కడే ఉన్నాను.”

“మీకు చెప్దామనే అనుకున్నానండీ. నవ్వుతారేమోనని...”

“నవ్వడమా? ఏడుపొస్తోంది నాకు! ఇన్నేళ్ళలో ఒక్కసారి నా మ్యూజియం గడప తొక్కావా? వాడు పిలవగానే పరిగెత్తావు. వాడి దగ్గరేముంది, నా దగ్గర లేనిది?”

“అతను చెప్తాడండీ. ఓపిగ్గా, ఒక్కొక్కటే.”

“నేను చెప్పనా? ఊరందరికీ చెప్పేది నేను!”

“అవును. ఊరందరికీ చెప్పారు.”

కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. ఆ చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది.

“ఇదిగో, సంతకం పెడుతున్నా. వచ్చే ఏడాది నుంచి నీ బుధవారాలు బంద్.”

“అంత పని చెయ్యకండి. మా పన్నెండు మందికీ ఇంకెక్కడా ఇలాంటిది లేదు,” అంది ఆమె. “అయినా ముందు మిమ్మల్నే కదండీ అడిగాను? ఆ కిటికీ దగ్గరావిడ ఎలా ఉంటుందని పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. ఆ తర్వాతా ఎన్నిసార్లో అడిగాను.”

“అడిగితే నేనేమన్నాను? వచ్చి చూడమనలేదూ?”

“అన్నారండీ. అడిగినప్పుడల్లా ఆ మాటే అన్నారు,” అంటూ, పుట్టిన నాటి నుంచీ వెలుగెరగని తన కళ్ళని ఆమె అతని గొంతు వినబడిన వైపు తిప్పింది.