కాలు చాపిన నేరం

"హెల్మెట్ మీదున్న ఆ కెమెరా ఆపమన్నానా లేదా?" ఫ్రీవే పక్కన బైకుకి అడ్డంగా నిలబడి అరిచాడు పోలీసు బర్డిక్.

"ఆపను సార్. మిమ్మల్ని వీడియో తీసే హక్కు నాకుంది. బైకు మీద కార్ల మధ్యనుంచి వెళ్లడం కూడా కాలిఫోర్నియాలో తప్పు కాదు," అంది యెసేనియా. జరిమానా టికెట్ పడితే ఆమె కొరియర్ ఉద్యోగం ఊడుతుంది.

"నా కారుని తన్నబోయావు. అదీ హక్కేనా?"

"తన్నడమేంటి సార్! మీరు పక్కకి జరిగి దారిచ్చారు. బైకు నడిపేవాళ్లం అలా కాలు చాపే థాంక్స్ చెబుతాం."

"నీకు నేను దారివ్వడమా? నువ్వు కాలు ఊపేదాకా నిన్ను చూడనేలేదు!"

అనేసి నాలుక కరుచుకున్నాడు. కారు దిగినా ఇంకా చేతిలోనే ఉన్న ఫోను చటుక్కున జేబులో వేసుకున్నాడు.

కారు పక్కకి ఎందుకు జరిగిందో యెసేనియాకి అప్పుడర్థమైంది.

"టికెట్ రాయండి సార్," అంది నిదానంగా. "నన్ను ఎప్పుడు చూశారో కూడా రాయండి."