కామేశం గారి ఆఖరి సంకలనం

కామేశం గారు యాభై ఏళ్లుగా పాటల సంకలనాలు చేస్తున్నారు. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఇప్పుడు గొంతులు. మా అమ్మాయి సునంద పాడిన జోలపాటల మీద ఏనాడూ దాని పేరు వెయ్యలేదు.

ఇప్పుడు ఊళ్లో లిఫ్టులు, తలుపులు, బస్సులు అన్నీ ఆయన అమ్మిన దాని గొంతుతోనే మాట్లాడతాయి. సునందే నోరు తెరిస్తే మాత్రం, "ఇది నకలు గొంతు" అని మా ఇంటి తలుపే తెరుచుకోదు. అందుకే మాట్లాడటం మానేసింది. ఏ లిఫ్టులోనో చిక్కుకుని అరిచినా ఎవరూ నమ్మరేమోనని నాకు రోజూ గుండెదడే.

పది రోజుల కిందట కామేశం గారే వచ్చారు.

"చెల్లెమ్మా, నకళ్లు అరిగిపోయాయి. అమ్మాయి మొదటి క్యాసెట్టు నీ దగ్గరుందిగా? ఇదే నా ఆఖరి సంకలనం. కాదనకు తల్లీ!"

"కూర్చోండి, మజ్జిగ తెస్తా," అని లోపలికెళ్లాను. పాట చెరిగిపోకుండా ఎప్పుడో రెక్క విరగ్గొట్టిన క్యాసెట్టు చిల్లు మీద, మళ్లీ రికార్డయ్యేలా బొట్టుబిళ్ల అతికించాను. టేప్‌రికార్డరు తలుపు చాటున పెట్టి రికార్డు చేసే ఎర్ర మీట మీద వేలు ఆనించాను గానీ నొక్కలేకపోయాను. సునంద చూసి, నా వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. బయట ఆయన బతిమాలుతూనే ఉన్నారు. పాట చెరిగి ఆయన మాటలెక్కాయి.

ఏనాడూ పాట విని సంకలనం చేసిన మనిషి కాదు, అట్ట మీద రాత చూసేవారంతే. ఆ క్యాసెట్టు వినకుండా అలాగే పట్టుకెళ్లారు.

వారం తిరక్కుండా ఊరంతా కామేశం గారి గొంతే. నిన్న సాయంత్రం మా గుమ్మంలో కేక వినిపించింది.

"చెల్లెమ్మా, మా ఇంటి తలుపు నన్నే నకలంటోంది! నువ్వైనా చెప్పమ్మా!"

"ఎవరే?" అన్నాను.

ఇన్నాళ్లకి సునంద నోరు విప్పింది.

"ఎవరూ లేరమ్మా. మన తలుపు మాట్లాడుతోంది."